బౌషర్‌లో ఆఖరి పోల్కా క్లాసు

శుక్రవారం ఉదయం ఆరింటికి నేనూ మా ఆవిడ సుధా ఒమన్‌లోని ఇబ్రిలో మస్కట్ బస్సెక్కాం. వెళ్లేది మస్కట్‌లోని బౌషర్‌కి, పోల్కా నేర్చుకోవడానికి. యూరప్ పల్లెల్లో ఆడా మగా జంటగా చేసే నృత్యం అది. నవ్వకండి, మొదట నేనూ నవ్వాను. ఏడాదిగా సుధ ఫోన్లో చూస్తూ ఒక్కతే గదిలో అడుగులు వేస్తోంది. నేర్పే చెక్ దేశపు పెద్దావిడ ఆ నెలతో ఒమన్ వదిలి వెళ్లిపోతోందట, ఇదే ఆఖరి క్లాసట. సైట్ పని అని మూడుసార్లు ఎగ్గొట్టినవాణ్ణి, ఇక కాదనలేకపోయాను.

ఏడుంపావుకి బహ్లాలో బస్సు ఆగితే టీ, పరాటా తీసుకున్నాం. పక్క సీట్లో జగిత్యాల తమ్ముడొకడు, కట్టడం పనిలో ఉన్నాడట. కూర్చునే అడుగులు లెక్కపెట్టుకుంటున్న సుధని చూసి, "అక్క గిట్లనే నడిస్తె మనకంటె ముందే మస్కట్ వోతది సార్" అన్నాడు. సుధ పగలబడి నవ్వింది. అంత నవ్వు చూసి చాన్నాళ్లయింది.

పదిన్నరకి బౌషర్‌లో దిగాం. వెళ్లేవారికో మాట: తోలు అడుగున్న బూట్లు వేసుకోండి. రబ్బరుదైతే నేలని పట్టేస్తుంది, తిరగలేం.

హాల్లో ఎనిమిది జంటలం వలయంగా నిలబడ్డాం. టీచరమ్మ ఏదో వివరిస్తోంది, నేను నా కాళ్లకేసే చూసుకుంటున్నాను. కుడిచేయి సుధ నడుం మీద వేయాలి, అదీ నలుగురి ముందు! చెమటలు పట్టేశాయి. చిన్న గెంతు, ఓ అడుగు, దాని పక్కకి రెండో పాదం, మళ్లీ అడుగు. అరగంటకి కుదిరింది. "వచ్చేసింది మీకు" అంది సుధ, మొహం వెలిగిపోతూ.

పాట మొదలైన కాసేపటికి ఆడవాళ్లంతా ఒక్కసారి పక్క జంటలోని మగాడి దగ్గరికి జరిగారు. మా పక్క జంటలో ఆడుతున్న టీచరమ్మ భర్త, డెబ్భై ఏళ్ల మనిషి, సుధకి చేయి చాచాడు. నాకు ఒళ్లు మండింది. నేను సుధ చేయి వదల్లేదు. తను మెల్లగా లాక్కుంది, నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వెనక వస్తున్నావిడ మమ్మల్ని గుద్దుకుంది. పాట ఆపేశారు.

"మాలో ఇలా కుదరదు" అన్నాను ఇంగ్లీషులో. సుధ చేయి విడిపించుకుని గోడవార కుర్చీలో కూర్చుని బూట్లు విప్పేసింది. మిగతా ఏడు జంటలూ గంటసేపు ఆడాయి. మేం చూస్తూ కూర్చున్నాం.

నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. కొన్న బిర్యానీ పొట్లం విప్పనైనా లేదు. నిజ్వా దాటాక సుధ నోరు విప్పింది.

"ఇంకెవరితోనో ఆడాలని రాలేదండీ. ఎనిమిది మార్పులయ్యాక తిరిగి మన జతగాడి దగ్గరికే వస్తామని ఆవిడ ముందే చెప్పింది. ఆఖరి పాట మొత్తం మీతోనే."

నేను వినలేదు. వింటే ఏం పోయేది! ఆ దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎనిమిదింటికి ఇల్లు చేరాం. హాల్లో సోఫా పక్కకి జరిపి, ఫోన్లో ఆ పాట వెతికి పెట్టి, చేయి చాచి నిలబడ్డాను. సుధ నా చేతికేసి చూసింది.

"పొద్దున్నే డ్యూటీ ఉంది కదా, పడుకోండి" అంది మామూలుగా. సోఫాని మళ్లీ దాని చోటికి తనే జరిపింది.