బాలమణి అడిగిన జహీరాబాద్

మా చిన్నప్పుడు... ఇంటర్వెల్ గంట కొట్టగానే బడి గోడ నీడలో కూర్చుని ఒకరికొకరం లెక్కలు వేసుకునేవాళ్లం. అన్నీ నోటి లెక్కలే, తిరకాసు లెక్కలే. విప్పలేకపోతే ఓడినట్టు. ఓడినవాళ్లు "ఫలానా ఊరు ఇచ్చిన" అని ఒక ఊరు ఇచ్చుకోవాలి... అప్పుడే జవాబు చెప్పేవారు.

మా క్లాసు బాలమణి దగ్గర నేను ఝరాసంగం పోగొట్టుకున్నాను, రాయికోడ్ పోగొట్టుకున్నాను, చిరాగ్‌పల్లి కూడా... గెలిచిన ఊళ్ల మీద దాని పెత్తనం చూడాలి! "ఝరాసంగంల జొన్నలన్ని నావి. ఒక్క గింజ ముట్టొద్దు" అనేది. నాకు మిగిలింది మా జహీరాబాద్ ఒక్కటే. బాలమణి కన్నంతా ఆ ఊరి మీదే.

దాని లెక్కలన్నీ వాళ్లింట్లోంచే పుట్టేవి. అమ్మ, నాయిన, ఇద్దరు తమ్ముళ్లు, తను... అందుకే ఏ లెక్కలో అయినా ఐదుగురే ఉండేవారు. రొట్టెలు మాత్రం ఎప్పుడూ నాలుగే.

ఆ రోజు ఇలా అడిగింది...

"ఐదుగురు లారెక్కి పోయిన్రు. నలుగురే మర్లొచ్చిన్రు. తొవ్వల ఎవ్వరు తప్పిపోలే, ఎవ్వరు సావలే. ఎట్లనే?"

"ఒకరు చుట్టాలింట్ల ఆగిన్రు" అన్నాను.

"కాదు. ఊరు ఇస్తవా?"

"ఇయ్య. రేపు నేనే చెప్త."

నాకు తిక్క ఎక్కువ. జహీరాబాద్ కూడా ఇచ్చేసి బడికి ఏ మొహం పెట్టుకుని రావాలి?

"నీ ఇష్టం. రేపు మేం పోతున్నం. నేనొచ్చినంక చెప్పు" అని నవ్వింది.

తెల్లారి వాళ్లు చెరకు నరకడానికి మరాఠీ దిక్కు లారీలో పోయారు. ఏటా పోయేవారే, చెరకు అయిపోయాక వచ్చేవారే. నేనేమీ ఫికర్ పడలేదు. అది వచ్చేలోపు జవాబు దొరకాలని బుర్ర బద్దలు కొట్టుకున్నాను, అంతే.

ఎండలు ముదిరాక లారీ వచ్చిందని విని ఉరికాను. వాళ్ల నాయిన దిగాడు... అమ్మ దిగింది... తమ్ముళ్లిద్దరూ దిగారు... గిన్నెల మూట కూడా దించేశారు. నేనింకా లారీలోకే చూస్తున్నాను.

"బాలమణి ఏది చిన్నమ్మా?"

"వస్తది బిడ్డా..." అంది వాళ్లమ్మ, నా మొహం చూడకుండా.

రాలేదు. జ్వరమొచ్చి అక్కడే పోయిందని కొందరన్నారు. పెళ్లి చేసి వదిలేసి వచ్చారని ఇంకొందరన్నారు. ఆ ఇంట్లో మాత్రం దాని పేరు ఎవరూ ఎత్తలేదు. మరుసటేడు చెరకుకు పోయి ఆ ఇంటివాళ్లూ ఇక తిరిగి రానే లేదు.

ఆ లెక్క ఎందుకు అడిగిందో... ఇంట్లో ఏమైనా విన్నదో, ఉత్తగనే అడిగిందో... నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా పాప ఫోన్‌లో లెక్కలు విప్పుతుంది. రాకపోతే కింద నొక్కితే జవాబు వచ్చేస్తుంది. ఓడిపోవడం లేదు, ఊరు పోగొట్టుకోవడం లేదు. నేను మాత్రం చెరకు లారీ ఎదురైతే చాలు, పైన కూర్చున్న తలలు లెక్కపెడతాను. వెనక నుంచి "ఊరు ఇస్తవా?" అన్నట్టే ఉంటుంది. భయమేస్తుంది... ఏడుపూ వస్తుంది.

మీకూ ఇలా ఎవరైనా విప్పని లెక్క అప్పజెప్పి పోయారా? ఉంటే కింద రాయండి...

నేనైతే ఓడిపోయాను. జహీరాబాద్ ఇచ్చిన బాలమణీ... ఇగ జవాబు చెప్పవే.