శేషమ్మగారి జాడీ, నా కత్తి

మా అమ్మాయి రజియా చిన్నప్పుడు... తొంభైల్లో... ఎండాకాలం వచ్చిందంటే వన్ టౌన్‌లో మా వీధి మొదట్లో ఠక్కు ఠక్కుమని నా కత్తే వినపడేది. ఆవకాయకి మామిడికాయలు కొట్టేది నేనే. ఒక్క దెబ్బకి కాయ రెండు చెక్కలు... టెంక ఊడకుండా. అలా కొట్టేవాడు బెజవాడలో ఇంకొకడు లేడు. గొప్పలు కాదు, నిజం.

ఒక ఏడాది శేషమ్మగారింట్లో ఆవకాయకి బూజు పట్టింది. ఆవిడ వీధిలో పెద్దావిడ. "మస్తాను కత్తికి తడి ఉండుంటుంది" అంది. అంతే... ఆ మాట వీధంతా తిరిగింది.

మరుసటి ఎండాకాలం కత్తి వేసుకుని కూర్చున్నాను. కాయల సంచులు నా ముందు నుంచే వెళ్లాయి, పక్క వీధికి. రెండు రోజులు ఒక్క కాయ రాలేదు. మూడో రోజు రజియా అన్నం క్యారేజీ తెచ్చి, "నాన్నా, నీకు కొట్టడం రాదంటున్నారు, నిజమేనా?" అంది.

చేతిలో ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేశాను. క్యారేజీ మూసేశాను. కత్తి భుజాన వేసుకుని, పిల్లని వెంటబెట్టుకుని శేషమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాను.

"అమ్మగారండీ, ఈ ఏడు మీ ఇంట్లో, మీ కళ్ల ముందే కొడతాను. మళ్లీ బూజు పడితే ఈ కత్తి కాలవలో పారేస్తాను."

"పౌరుషానికేం తక్కువ లేదు" అంది ఆవిడ. "రా, కొట్టు చూద్దాం."

కత్తి ఎండలో పెట్టి, పొడిగుడ్డతో ఆవిడ చేతే తుడిపించాను. కాయలన్నీ కొట్టాను. ఇంట్లోవాళ్లు జీడి తీసి, టెంక మీద పొర గీకి, ముక్క ముక్కా తుడిచారు. అప్పుడు జాడీ తెచ్చారు. పొద్దున్నే కడిగి, నీడన బోర్లించారట.

"ఎండలో పెట్టలేదాండీ?"

"ఎండకి పగిలిపోతుందయ్యా, పోయినేడు నుంచీ నీడనే పెడుతున్నాం. మా అత్తగారి నాటి జాడీ అది."

"చిటికెడు ఆవపిండి లోపల చల్లి, వంచి చూడండమ్మా."

చల్లింది. వంచింది. పిండి కిందికి రాలలేదు... జాడీ గోడకి తడిసి ముద్దలా అంటుకుంది.

శేషమ్మగారు ఆ ముద్దని వేలితో గీకి చూసుకుంది. నేను నా కత్తి తుడుచుకున్నాను... మాట్లాడాల్సిన పని నాకేంటి?

జాడీ ఎండలో వేడెక్కేదాకా ఉంచి, ఆవకాయ కలిపి ఎత్తారు. అడుగున ఎర్రగా కారం, నూనె మిగిలిన బేసిన్లో వేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపింది ఆవిడ. ఇంట్లోవాళ్లంతా చేతులు చాపారు.

"ఆగండర్రా" అని తొలి ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండోది రజియాకి. తర్వాత అరుగు మీదకొచ్చి ఎదురింటావిడని కేకేసింది.

"ఓ రమణమ్మా! బూజు తప్పు కత్తిది కాదే, నా జాడీది. రేపు నీ కాయలు మస్తానుకే ఇయ్యి!"

వీధంతా విన్నది. కారం నషాళానికెక్కి నా కళ్లల్లో నీళ్లు... కారానికే అనుకోండి. రజియా మూతంతా ఎర్రగా పూసుకుని, "మా నాన్నకి వచ్చు" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పింది.

నేను చాలా పెళ్లిభోజనాలు తిన్నాను. ఆ ఒక్క ముద్ద ముందు ఏదీ ఆనలేదు. ఆ ఎండాకాలమంతా నాకు తల ఎత్తి చూసే తీరిక లేదు!

ఇప్పుడు ముక్కలు కొట్టే మిషన్లొచ్చాయి. బెంజ్ సర్కిల్ షాపుల్లో ఆవకాయ సీసాల్లో అమ్ముతున్నారు. రుచి బాగానే ఉంది, తిన్నాను. కానీ సీసా పాడైతే అవతల పారేసి ఇంకోటి కొంటారు... తప్పెవరిదని అడిగేవాళ్లు లేరు, నాదేనని ఒప్పుకునేవాళ్లూ లేరు.

మీకెప్పుడైనా ఎవరైనా చేతిలో అలాంటి ముద్ద పెట్టారా? పెడితే రాయండి... నాకు చదవడం కూడబలుక్కుంటూ వస్తుంది, ఆలస్యమైనా అన్నీ చదువుతాను.