ట్యాంకు ప్రాణం పోసుకున్న వారం

కరోనాకు ముందు ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను ల్యాబు నుంచి ఈటీపీకి ఇన్‌చార్జిగా వేశారు. బొంతపల్లి దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. ఈటీపీ అంటే అక్కడి వ్యర్థజలాన్ని శుద్ధిచేసే విభాగం. ఆర్డరులో ప్రమోషన్ అనే రాశారు. ఏసీ ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని మురుగు గట్టున నిలబెట్టి ప్రమోషన్ అంటే ఎవరు నమ్ముతారు? మొదటి రోజే ఆ కంపుకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు దిగొచ్చేశాను. వెనక్కి పంపమని అడిగితే జనరల్ మేనేజరుగారు నవ్వి, "అలవాటైపోతుందమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అక్కడ అసలు పనివాళ్లు సూక్ష్మజీవులు. పెద్ద ట్యాంకులోకి బ్లోయర్లతో గాలి కొడుతుంటే, అవి నీటిలోని మలినాలను తిని బతుకుతాయి. వాటిని మేం బగ్స్ అనేవాళ్లం. ట్యాంకు ఆరోగ్యంగా ఉంటే తడిమట్టి వాసన, జబ్బుపడితే కుళ్లిన గుడ్ల కంపు. మాది ప్రతి సోమవారం జబ్బుపడేది. శనివారం ప్రొడక్షన్ వాళ్లు రియాక్టర్లన్నీ కడిగి, సాల్వెంటు రసాయనాలు కలిసిన ఆ నీళ్లను ఒకేసారి మా మీదికి వదిలేవాళ్లు మరి.

ఒక సోమవారం ట్యాంకు పూర్తిగా నల్లబడింది. బగ్స్ చచ్చిపోయాయి. శుద్ధి ఆగిపోయి, వచ్చే నీళ్లు స్టోరేజీ ట్యాంకులో చేరడం మొదలైంది. అది నిండితే ప్రొడక్షన్ ఆపాలి. ఆపితే కాంట్రాక్టు కార్మికులందరూ కూలి లేకుండా ఇంట్లో కూర్చోవాలి. ప్రొడక్షన్ మేనేజరుగారు మాత్రం తాపీగా, బగ్స్‌కి మేతగా ఇంకాస్త పేడ వేయండి, అవే అలవాటు పడతాయి అన్నారు. మళ్లీ అదే మాట!

నిజమే, అవి అలవాటు పడతాయి. కొంచెం కొంచెంగా ఇస్తే సాల్వెంటునైనా అరిగించుకుంటాయి, ఒక్కసారిగా గుమ్మరిస్తే చస్తాయి. రియాక్టర్లు కడిగిన నీళ్లను ఖాళీగా పడి ఉన్న పాత ట్యాంకులోకి మళ్లించి, అక్కడి నుంచి నేను చెప్పినంతే వదలాలని మీటింగులో పట్టుబట్టాను. జనరల్ మేనేజరుగారు ఒప్పుకున్నారు. స్టోరేజీ నిండేలోగా బగ్స్ లేవకపోతే బాధ్యత నాదేనన్నారు. ధీమాగా సరే అని బయటికొచ్చి, నేరుగా స్టోరేజీ మట్టం చూడ్డానికి వెళ్లాను.

ముత్తంగి వైపు ఒక శుద్ధి ప్లాంటు నుంచి బతికున్న బగ్స్‌తో నిండిన బురదను ట్యాంకరులో తెప్పించి పోశాం. పేడ, బెల్లం నీళ్లు పెట్టాం. మా ఆపరేటరు యాదగిరిది గుమ్మడిదల, ఇంటి దగ్గర వ్యవసాయం కూడా ఉంది. అతనికి నమ్మకం కుదరలేదు. "గివి ఇగ లేస్తయా మేడమ్? సచ్చినయి సచ్చినట్టే ఉన్నయి" అనేవాడు. ట్యాంకు నీళ్లను గాజు జాడీలో పట్టి, అరగంట కదపకుండా ఉంచడం మా పరీక్ష. బురదలో ప్రాణం ఉంటే అది అడుగుకి దిగి, పైన తేటనీరు నిలుస్తుంది. మాకేమో రోజూ జాడీ నిండా బురదనీళ్లే. అవతల స్టోరేజీలో మట్టం పెరుగుతూనే ఉంది.

అది అంచుకు జానెడు దూరంలో ఉండగా, ఒక ఉదయం జాడీలో గోధుమరంగు బురద కిందికి దిగుతూ కనిపించింది. వెంటనే ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నని కాడ మీద గంట ఆకారంలో ఒక జీవి. ముడుచుకుంది, మళ్లీ సాగింది! కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. యాదగిరి ఉరికొచ్చి కన్ను ఆనించి, "అరే, ఆడుతున్నది మేడమ్! ఇగో, ఇంకోటి! జల్దీ సూడుండ్రి!" అంటూ నన్నే పక్కకు నెట్టేశాడు. ప్రొడక్షన్ మేనేజరుగారు కూడా వచ్చి చూశారు. తర్వాత, పాత ట్యాంకు వాల్వు ఎంత తిప్పమంటారని నన్నే అడిగారు.

మొదట సన్నటి ధార వదిలాం. బగ్స్ తట్టుకున్నకొద్దీ పెంచాం. స్టోరేజీ దిగింది, ప్రొడక్షన్ ఒక్క షిఫ్టు కూడా ఆగలేదు. కొన్నాళ్లకు జనరల్ మేనేజరుగారే పిలిచి, ల్యాబుకి వెళ్తారా అని అడిగితే వద్దన్నాను. కంపు తగ్గింది, నేనూ మారాను. అందులో ఏది ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

ఎవరినైనా అలవాటు చేసుకోమనే ముందు, వాళ్ల మీద ఎంత పోస్తున్నామో చూడాలని ఆ వారం నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా, మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లను మొదట్లో రోజుకి ఒక పూటే ట్యాంకు గట్టు మీదికి పంపేదాన్ని.