అమ్మ తాగిన కాఫీ

ఈ ముసురు పట్టినప్పటి నుంచి నాకు పడిశం, గొంతు నొప్పి. పొద్దున మా మనవడు మంచం దగ్గరికే కాఫీ తెచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, వేడిగా ఉన్నప్పుడే తాగమని చెప్పి వెళ్లాడు. సంతోషించాల్సింది పోయి, ఎప్పటిదో కోపం పొంగుకొచ్చింది.

నా చిన్నప్పుడు బాన్సువాడలో కాఫీ ఎరిగిన ఇళ్లు తక్కువ. బజారులో చాయ్ దొరికేది గాని, కాఫీ మాత్రం నిజాంసాగర్ కాలువ పనుల మీద కోస్తా నుంచి వచ్చిన ఓవర్సీరు వల్లే మా ఇంటికి అలవాటైంది. ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్న మా బాపుకు, ఊరెళ్లినప్పుడల్లా పొడి తెచ్చిచ్చేవాడు. నాయనమ్మ ఆ డబ్బాను ఉట్టిలో దాచేది. తాగేది మగవాళ్లు, ఆడవాళ్లు కాచి ఇవ్వాలి, వాసన చూడాలి, అంతే.

ఓ వానాకాలం బాపుకు జ్వరం తగిలింది. గొంగడి కప్పుకుని కూర్చుని గంటగంటకూ శొంఠి వేసిన కాఫీ అడిగేవాడు. అమ్మ తడి కట్టెల పొయ్యి ఊది ఊది కాచి ఇచ్చేది. ఆయన కాస్త తేరుకునేసరికి అదే జ్వరం అమ్మకు అంటుకుంది. ఒళ్లు కాలిపోతున్నా ఆమె మంచం ఎక్కలేదు, ఎక్కమన్నవాళ్లూ లేరు. పైగా బాపును పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఆమే కాఫీ కాచింది. చివరికి నాయనమ్మను మెల్లగా అడిగింది.

“అత్తా, నేను గూడ ఇంత తాగుత. గొంతు పట్టుకపోయింది.”

“ఆడోళ్లకు కాఫీ ఏందే, పైత్యం జేస్తది. మిరియాల చారు తాగు పో,” అంది నాయనమ్మ.

పక్కనే ఉన్న బాపు విన్నాడు. విని, తన గ్లాసులో చల్లారిన కాఫీని వాకిట్లో పారబోసి, మళ్లీ వేడిది తెమ్మన్నాడు.

అమ్మ లోపలికి వెళ్లి, డబ్బా దించి, ఉన్న పొడంతా వేసి, ఇత్తడి లోటా నిండా కాచుకుని, పొయ్యి ముందే కూర్చుని తాగింది. ఎంతసేపటికీ కాఫీ రాకపోయేసరికి బాపు లోపలికి వచ్చాడు.

“పొడి అంత నువ్వే తాగినవా?”

“మీకొచ్చిన జరమే నాకొచ్చింది,” అంది అమ్మ, లోటా కింద పెట్టకుండానే.

బాపు కొట్టలేదు, తిట్టలేదు. నాయనమ్మ మాత్రం కనపడ్డ ప్రతి ఆడమనిషికీ కోడలి తిండిపోతుతనం గురించి చెప్పుకుంది. ఆయన ఒక్కసారీ ఆపలేదు. ఆ తర్వాత అమ్మ కాఫీ ముట్టనే లేదు. మేము పెద్దయి చేతికిచ్చినా గ్లాసు పక్కకు జరిపి, నాకు పడదనేది.

ఆమె పోయినప్పుడు చుట్టాలంతా చేరి, కాఫీ చుక్క కూడా కోరని ఇల్లాలని మెచ్చుకున్నారు. కోరింది, నోరు తెరిచి అడిగింది, మీరే ఇవ్వలేదని నేను అందరి ముందూ అన్నాను. ఆనాటి నుంచి మా మేనత్త నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయింది.

నా ఈడువాళ్లు కలిసినప్పుడు ఆ రోజులే వేరని, అప్పటి ఆడవాళ్ల ఓర్పు ఇప్పటివాళ్లకు లేదని నిట్టూరుస్తారు. నాకూ ఆ రోజులంటే బెంగే, కాలువ గట్ల మీద మా నడకలూ, నాట్ల కాలపు పాటలూ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ ఆ ఓర్పు పోయినందుకు నాకు విచారం లేదు. అదేదో మా అమ్మ బతికి ఉండగానే పోయి ఉంటే బాగుండేది.