మరియమ్మ గడియ తీసేదాకా

గురజాల అవతల ఒక చిన్న పల్లెలో మా మావయ్య పాస్టరు. ఆయన్ని సత్తెనపల్లిలో ఒక పెద్ద చర్చివాళ్ళు రమ్మన్నారు. నెల జీతం, ఉండటానికి క్వార్టరు, ప్రసంగానికి ఏసీ హాలు. ఆదివారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. "ఆ మట్టిరోడ్ల మీద స్కూటరు తోలి తోలి మా తమ్ముడి మోకాళ్ళు అరిగిపోయాయి. వెళ్ళి ఒప్పించుకు రా" అని అమ్మ నన్ను పంపింది. రాయబారానికి ఇంట్లో ఇంకెవరూ ఖాళీగా లేరు.

ఆదివారం తెల్లవారుతూనే గుంటూరులో మాచర్ల బండి ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది, కిటికీ తెరుచుకోలేదు. సత్తెనపల్లిలో టీ తాగాను. అమ్మినాయన దాన్ని టీ అనే అన్నాడు. ఎదురుగా కూర్చున్న రైతుది నేను వెళ్ళే ఊరేనట. ఎవరింటికని ఆరా తీశాడు.

"పాస్టరుగారి మేనల్లుడివా? మేం గుడికి పోయేవాళ్ళమేలే. అయినా మా బర్రెకి జబ్బు చేస్తే వచ్చి ప్రార్థన చేశాడయ్యా."

"తగ్గిందా?"

"తగ్గింది. ప్రార్థన అయినాక డాక్టరుకి ఫోన్ చేసింది కూడా ఆయనేలే."

తొమ్మిది దాటాక గురజాలలో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కాను. "ఇంకొక్కరే" అంటూ నలుగుర్ని ఎక్కించాక బయల్దేరింది. మీరెవరైనా వెళితే డ్రైవరు పక్కన మాత్రం కూర్చోకండి. ఆయనకే అక్కడ సగం సీటు.

చర్చి అంటే రేకుల షెడ్డు, కింద చాపలు. పదింటి ఆరాధన పదిన్నరైనా మొదలవలేదు. ముందు చాప మీద ఒక చోటు ఖాళీగా ఉంది. అది మరియమ్మ అవ్వది. ఒంటరి మనిషి. పాటలు ఎత్తేది ఆవిడే. ఎవరైనా రాకపోతే, ఎందుకు రాలేదో తేలందే మావయ్య మొదలుపెట్టడట. బైబిలు చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి నడిచాడు. వెనకే సంఘమంతా నడిచింది. గురజాల లెక్కన అందరూ ఒక ఆటోలో పట్టేస్తారు.

తలుపుకి లోపల గడియ. ఎంత పిలిచినా పలుకు లేదు. వెనక ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఎదురింటి మెకానిక్కు మస్తాను గడ్డపార తెచ్చాడు.

"ఒరేయ్ మస్తానూ," లోపల్నుంచి గొంతు వినిపించింది, "ఆ తలుపుకి డబ్బులు నువ్విచ్చావంట్రా? గడ్డపార అవతల పెట్టు."

ఏడుస్తున్నవాళ్ళు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించారు.

"ఏంది అవ్వా, ఆరాధనకి రావా?" అన్నాడు మావయ్య.

"పోయేవాడి వాక్యం నాకెందుకయ్యా? సత్తెనపల్లోళ్ళకి చెప్పుకో. మా ఆయన పోయిననాడు గుంట తవ్వేవాళ్ళు లేకపోతే నువ్వే పార పట్టినావు. నా వంతు వచ్చేతలికి పోతన్నావు."

మావయ్య గుమ్మం ముందు అరుగు మీద కూర్చున్నాడు. జనం సందులోనే కూర్చున్నారు. కాసేపటికి నావైపు తిరిగి, "ఒరేయ్, చదువుకున్నోడివి, పాటెత్తు" అన్నాడు. చదువుకీ పాటకీ సంబంధం లేదని అందరికీ తెలిసేలా ఎత్తాను. రెండో చరణంలో గడియ చప్పుడైంది.

"ఆపు నాయనా," అంది మరియమ్మ గుమ్మంలో నిలబడి. "పైన దేవుడు కూడా వింటన్నాడు."

తనే మళ్ళీ మొదటి నుంచి ఎత్తింది. మస్తాను గడ్డపార మీద చెయ్యి ఆనించి చివరిదాకా విన్నాడు.

మధ్యాహ్నం కోడికూర, అన్నం ముందు నా రాయబారం విప్పాను. జీతం, క్వార్టరు, మోకాళ్ళు. మావయ్య అంతా విని, "ఏసీలో వాక్యం చెప్పేవాళ్ళు చానామంది దొరుకుతారు రా" అని, ఫోన్ తీసుకుని బయటికెళ్ళాడు. వచ్చాక చెయ్యి కడుక్కుంటూ, "రాలేనని చెప్పేశా. మా అక్కకి నువ్వే చెప్పు, నాకు భయం" అన్నాడు.

సాయంత్రం తిరుగు బండిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఒప్పుకున్నాడా?"

"లేదమ్మా."

"మరి నువ్వేం చేశావక్కడ?"

"పాట పాడాను."

"అందుకే" అంది.

సత్తెనపల్లి దాటింది. గుంటూరులో నేను వెళ్ళే చర్చి చాలా పెద్దది. నెలరోజులు వెళ్ళకపోయినా అడిగేవాళ్ళుండరు. ఇన్నాళ్ళూ దాన్ని సౌకర్యం అనుకున్నాను. అంతలో మావయ్య ఫోన్.

"ఎక్కడున్నావురా? మరియమ్మ అడుగుతోంది, పాట చెడగొట్టిన పిల్లోడు ఇల్లు చేరాడా అని."

"ఇంకా పెదకూరపాడే" అన్నాను.

"చేరాక మళ్ళీ చెప్పమంటోంది. అప్పటిదాకా పడుకోదంట."