బిట్రగుంట షెడ్డులో తాతయ్య కూత

మా అమ్మ పుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో. ఇంజిన్ డ్రైవరైన మా తాతయ్య ఆమె చిన్నప్పుడే పోయాడు. “మొహానికి ఫొటో ఉంది గానీ, నాయన గొంతు గుర్తు లేదే. ఆయన కూత ఒక్కటే చెవుల్లో ఉంది. అదైనా సరిగ్గా ఉందో లేదో” అని ఈమధ్య అమ్మకు ఒకటే దిగులు. ఆవిరి బండ్ల కాలంలో ఇంజిన్ కూత ఒక్కో డ్రైవరుది ఒక్కో తీరట. ఊరి దగ్గర కూత వినపడగానే, ఆ డ్రైవరు ఇంట్లో అన్నానికి ఎసరు పెట్టేవాళ్లట. పాత ఇంజిన్ షెడ్డును మ్యూజియం చేశారని తెలిసి, ఒక ఆదివారం అమ్మను బయల్దేరదీశాను.

నెల్లూరులో కారం దోశ తిని పొద్దున ప్యాసింజరు ఎక్కితే, ముప్పావు గంటలో దిగాం. టికెట్టు ఒక టీ ఖర్చంత. అమ్మ మోకాళ్ల కోసం ఆటో పిలిచాను. “ఏముందక్కా ఆడ? ఇంజన్లు పోయినాయి, పొగ పోయింది, గోడలు మిగిలినాయి” అన్నాడు డ్రైవరు. “ఆ గోడలే చూడాల, పోనీ నాయనా” అంది అమ్మ.

నిజంగా చూడాల్సిన గోడలే! ఇంజిన్ పట్టేంత ఎత్తు ఇటుక కమానులు, పైకప్పు పొడుగునా పొగ పోవడానికి వదిలిన సందులు. ఇప్పుడు వాటిలోంచి ఎండ దిగుతోంది. ఇటుకల మీది మసిని సున్నంతో కప్పేయనివాళ్లకు దండం పెట్టాలి. బయట, ఇంజిన్‌ను ఎక్కించి మనుషులే తోసి వెనక్కి తిప్పడానికి వాడిన గుండ్రటి ఇనుప వేదిక ఉంది.

లోపల ఒక మూల పాత కూత గొట్టాన్ని గాలి పంపుకు బిగించారు. “లాగండమ్మా, అందుకే పెట్టినాము” అన్నారు మ్యూజియం చూసుకునే మస్తాన్ గారు. అమ్మ దాని గొలుసు లాగితే ఒట్టి కీచుమంది. “అయ్యో, మరిచిపోయినానే!” అని ఏడుపు ముఖం పెట్టింది. కళ్లు మూసుకుని మళ్లీ లాగింది. రెండు పొట్టి కూతలు, తర్వాత ఒక సాగుడు, చివర్లో చిన్న విరుపు.

కాసేపటికి పక్క క్వార్టర్స్ నుంచి ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది. “ఎవురమ్మా కూసింది? అది మా పక్కింటి సుబ్బరాయుడన్న కూత గదా!”

“ఆయన కూతే, రవణక్కా. నేను ఆయన కూతుర్ని” అంది అమ్మ, ఆమెను గుర్తుపట్టి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు.

పాత కట్టడాలను ఎందుకు నిలబెట్టాలని ఎవరైనా అడిగితే ఇకమీద నేను వాదించను, ఈ కూత సంగతి చెబుతాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: షెడ్డు దగ్గర హోటళ్లు లేవు, మధ్యాహ్నానికి ఏదైనా కట్టుకెళ్లండి. మాకు మాత్రం ఆ చింత లేకపోయింది. కూత వినగానే రవణక్క ఎసరు పెట్టే వచ్చిందట.