కరపత్రంల లేని చావు

నేను కరీంనగర్ల బడిపిల్లలకు చరిత్ర చెప్పే రోజులల్ల అలమారి అడుగున ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. మూడు వందల ఏండ్ల కింద ఐర్లండుల తిరుగుబాటు లేస్తే, గా వార్తలు లండన్ల కరపత్రాలుగ అచ్చేసి బజార్ల అమ్మిండ్రంట. గా ముచ్చటే పుస్తకమంతా. బడి విడిచినా కూసోబుద్ది కాక నిలవడే చదివిన. ఒకడు ఊరు కాలిందంటే ఇంకొకడు దేశమే కాలిందన్నడు. కండ్లార చూసినోని ఉత్తరమని పైన ప్రమాణం, లోపల నోటికొచ్చిన లెక్క. బొమ్మ కావాల్నంటే ఎప్పటిదో వేరే యుద్ధానికి చెక్కిన అచ్చునే మళ్ల గుద్దిండ్రు. ఎంత అబద్ధాలకోర్లు అని తిట్టబోయి నోరు మూసుకున్న. గా పని నేను గూడ చేసిన, అచ్చుయంత్రం లేకుంటనే.

నిజాం రాజ్యం ఆఖరి ఎండకాలం అది. నాకు పదహారేండ్లు. జగిత్యాల దిక్కు మా ఊర్లె ఆడోళ్లమంతా ఒక అరుగు మీద కూసోని బీడీలు చుట్టేటోళ్లం. అందరిల తెలుగు చదువొచ్చింది నాకొక్కదానికే, అది గూడ బాపు నేర్పబట్టి. కాయితం ఏది దొరికినా నేను చదవాలె, నా వంతు బీడీలు తలా కొన్ని వాళ్లు చుట్టాలె. గదీ మా కట్టుబాటు. ఉట్టిగ చదివితే చేతులు నెమ్మదయ్యేటియి. జర మసాలా దట్టిస్తే ఆకులు వాటంతట అవే చుట్టుకునేటియి. వాళ్ల కండ్లు పెద్దగయితుంటే నాకింక ఆగబుద్ది కాకపోయేది.

ఒకనాడు అడవి దిక్కు నుంచి వచ్చిన తునికాకు కట్టల ఒక కరపత్రం దొరికింది. సరిహద్దు అవతల చాందా పట్నంల అచ్చయింది. రాజ్యం మీద తిరగబడ్డ మనోళ్లు ప్రాణహిత నది దాటొచ్చి గట్టున ఉన్న పోలీసు నాకా మీద పడ్డరంట. గొంతు తగ్గించి మొదలువెట్టిన. నది దాటుడు, తుపాకుల మోత, నాకా అంటుకునుడు. ఆఖరుకొచ్చేసరికి నాకు పూనకమే వచ్చింది. "పోయినోళ్లు అందరికందరు నేలకొరిగిండ్రు, ఒక్కడు గూడ వెనుకకు మళ్లలే" అని చదివిన. అరుగంతా ముక్కులు చీదుకుంట ఏడ్చింది. నాకెంత సంబురమయ్యిందో చెప్పలేను.

నా పక్కన కూసునే ఆమెను వరుసకు వదినె అనేదాన్ని. ఆమె మాత్రం ఏడ్వలే. ఆమె పెనిమిటి షోలాపూర్ మిల్లుల పనికి పోయిండని ఊరంతా అనుకునేది. ఎండ దిగంగనే ఆమె మా ఇంటికొచ్చి తలుపు దగ్గరికేసింది.

"ఆయన మిల్లుకు పోలే పిల్లా. చాందా కాంపుల ఉన్నడు. నది దాటేటోళ్లల్ల ఉన్నడని మొన్ననే కబురొచ్చింది." చూపుడువేలు నా ముందట పెట్టింది. "అందరు పోయిండ్రని ఏడ రాసుందో గాడ నా వేలు పెట్టు. గది తాకినంకనే గాజులు తీస్త."

ఏ అక్షరం మీద పెట్టినా నమ్ముతది, ఎందుకంటే అచ్చయిన కాయితం. సిగ్గుతోటి చచ్చిపోయిన. "లేదు వదినె. గది నేను కలిపిన" అన్న. కొడుతదనుకున్న. కొట్టలే.

"అయితే ఉన్నది ఉన్నట్టు చదువు."

ఆమె వేలు పట్టుకొని ఒక్కొక్క అక్షరం మీద జరుపుకుంట చదివిన. "నాకా చేజిక్కింది. మనవారు కొందరు తిరిగి రాలేదు."

"కొందరంటే ఎందరు?"

"తెల్వది."

"అందరైతే కాదు గద?"

"కాదు వదినె."

"గంతే చాలు" అని కాయితం మడిచి రైకల పెట్టుకుంది. తెల్లారి ఎప్పటి తీరుగనే వచ్చి నా పక్కన కూసుంది. గాజులు చేతులకే ఉన్నయి.

వానకాలం పోకముందే యూనియన్ మిలిటరీ వచ్చింది, రాజ్యం మారింది. కొన్ని దినాలకు వదినె పెనిమిటి నడుచుకుంట ఊర్లెకొచ్చిండు. ఒక చెయ్యి పైకి లేస్తలేదు, గంతే. ఏడికెళ్లి వచ్చిండో గడియల ఊరందరికి తెలిసింది. అరుగు మీదోళ్లందరం ఆకులు ఆడనే పారేసి ఉరికినం. అందరికంటే ముందట నేనే. ఆయన కండ్ల పడంగనే నాకు ఏడుపు, నవ్వు రెండు ఒక్కసారే వచ్చినయి.

వదినె నా చెయ్యి పట్టి ఆయన ముందట నిలబెట్టింది. "గీ పిల్లనే నిన్ను సంపింది" అన్నది.

ఆయన పకపక నవ్విండు. ఆడోళ్లందరు నవ్విండ్రు. వదినె నవ్వలే.